నీలం మూత

ఆ వేసవిలో నేను ఇంజిన్ గుంతలోకి ఇరవై ఏడుసార్లు దిగాను. అంకె ఎందుకు గుర్తుందంటే, దిగిన ప్రతిసారీ మోకాలికో మోచేతికో ఒక కొత్త దెబ్బ తగిలేది. పైకొచ్చాక అద్దంలో చూసుకుని, కొత్తది ఏదో పాతది ఏదో నాలో నేను లెక్క వేసుకునేదాన్ని. జూన్‌లో సరదాగా మొదలుపెట్టిన లెక్క ఆగస్టుకొచ్చేసరికి కసిగా మారింది.

పడవ పేరు గ్లాడిస్. మేం పెట్టిన పేరు కాదు. నీళ్ళలో ఉన్న పడవకి పేరు మారిస్తే కీడని కాలువ మీద అందరూ అంటారు కాబట్టి, అంతకుముందు యజమాని వాళ్ళ అత్తగారి పేరునే మేమూ మోశాం. యాభై అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు ఉన్న ఇనుప పడవ. బర్స్లెమ్‌లో ఉన్న ఇల్లు అమ్మి దాన్ని కొన్నాం. అంటే మాకు వేరే కప్పు లేదు. వంటిల్లు, పడకగది, కట్టెల పొయ్యి, బాల్చీ, బతుకు అన్నీ ఆ ఏడడుగుల్లోనే.

నా భర్త నెవిల్ ముప్ఫయ్యేళ్ళు పింగాణీ ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక రెండేళ్ళు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. పడవ మాట వచ్చిన రోజునుంచే మళ్ళీ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. అందుకే నేను ఒప్పుకున్నాను. నాకు పడవలంటే ఇష్టమేమీ లేదు, నెవిల్ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోకూడదు, అంతే.

కొనడానికి నెల ముందు ఏదో ఊరి హాల్లో ఒక్కరోజు ఇంజిన్ క్లాసుకు వెళ్ళి, పేరు రాసిన సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. "మెకానిక్కుల గడప తొక్కక్కర్లేదు లొరైన్. మన ఇంజిన్ పని మనమే చేసుకుంటాం" అన్నాడు. ఆ 'మనమే'లో నేనొక్కదాన్నే ఉన్నానని అప్పుడు నాకు తెలీదు.

పడవ వెనకభాగంలో డెక్కు పలకలు ఎత్తితే, వాటి కింద ఇంజిన్ ఉంటుంది. దానికీ పక్క గోడలకీ మధ్య ఉన్న సందులోకి మనిషి వంకర తిరిగి దిగాలి. నెవిల్ ఆరడుగుల మనిషి, పైగా పొట్ట. మొదటిరోజు కాళ్ళు దింపి, నడుం దగ్గర ఇరుక్కుని, కాసేపు అలాగే నిలబడి చుట్టూ ప్రకృతిని చూశాడు. తర్వాత పైకొచ్చి మోకాలు తడుముకుంటూ నావైపు చూశాడు. నేను ఐదడుగులు. ఆరోజునుంచి గుంత నాది, పుస్తకం అతనిది.

ఇంజిన్ మొదటిసారి ఆగింది జూన్ నెల మధ్యలో, నోర్బరీ అనే ఊరు దాటాక.

"డీజిల్ గొట్టంలో ఎయిర్ పట్టిందట," పైనుంచి పుస్తకం చదువుతూ అన్నాడు నెవిల్. "గాలి వదిలే మర ఎడమవైపు ఉంటుందట."

"ఎవరి ఎడమ?"

"పుస్తకంలో ఎడమ."

"నేను పుస్తకంలో లేను నెవిల్, గుంతలో ఉన్నాను. నాకు ఇటు పంపు, అటు బ్యాటరీ, మొహం మీద ఏదో గొట్టం. ఎటువైపు?"

పేజీ తిరగేసిన శబ్దం.

"బొమ్మ ఇంకో మోడల్‌దిలా ఉంది," అన్నాడు.

ఆ మర నేనే వెతుక్కున్నాను. పానాతో వదులు చేసి, చేత్తో పంపు కొడుతూ, బుడగలు ఆగేదాకా డీజిల్ కారనిచ్చి, మళ్ళీ బిగించాను. ఇంజిన్ అందుకుంది. నెవిల్ పైనుంచి చప్పట్లు కొట్టాడు. నాకూ, అబద్ధమెందుకు, కొంచెం గర్వంగానే అనిపించింది.

నాలుగు రోజులకి మళ్ళీ ఆగింది.

దాని వరస అర్థమయ్యేది కాదు. గట్టుకి కట్టేసి ఉన్నంతసేపూ గంటలకొద్దీ బుద్ధిగా నడిచేది. నీటిమట్టం పెంచి దించే లాకుల గేట్ల మధ్యకి వెళ్ళి, నీళ్ళు సుడి తిరిగి పడవ ఊగిందంటే చాలు, నాలుగుసార్లు దగ్గి ఆగిపోయేది. పక్కనుంచి ఎవరైనా పడవ జోరుగా తోలుకెళ్ళినా అంతే. ఫిల్టర్ విప్పితే లోపల నల్లటి జిగురు. దాన్ని పారేసి కొత్త ఫిల్టర్ వేస్తే రెండు రోజులు నడిచేది.

"అడుగున తేటగా ఏదో ఉంది నెవిల్. నీళ్ళలా ఉన్నాయి," అన్నానొకసారి, ఫిల్టర్ గిన్నె పైకి అందిస్తూ.

గిన్నె అందుకుని, చూసి, కాలువలో పారబోయబోయి, ఆగి, డబ్బాలో ఒంపాడు.

"చెమ్మ. రాత్రిళ్ళు ట్యాంకులో చెమ్మ పడుతుంది. క్లాసులో చెప్పారు," అన్నాడు.

సర్టిఫికెట్ అతనికి ఉంది. నేను నమ్మాను.

ఆ రోజుల్లోనే నెవిల్ ఒక చిన్న నీలంరంగు డబ్బా కొనుక్కొచ్చాడు. చాలా పడవలకి మంచినీళ్ళ ట్యాంకు మూత ముందువైపు ఉంటుంది. గ్లాడిస్‌ని కట్టినవాడు దాన్ని కూడా వెనక్కే తెచ్చి, డీజిల్ మూతకి జానెడు దూరంలో పెట్టాడు. రెండూ ఇత్తడివే, రెండూ ఒకటే సైజు, రెంటినీ తెరిచే తాళం ఒకటే. వాటిమీద చెక్కిన అక్షరాలు అరిగిపోయి ఏళ్ళయింది. నెవిల్ మోకాళ్ళ మీద కూర్చుని మంచినీళ్ళ మూతకి నీలం రంగు రెండు పూతలు వేశాడు. బాగుందన్నాను. ఇలాంటి ముందుచూపు నీకుందని తెలీదన్నాను. కుంచె మీదనుంచి తల ఎత్తలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

జూలై మూడోవారంలో వుడ్‌సీవ్స్ లోయలో ఆగిపోయింది. లోయంటే కొండని నిలువునా చీల్చి తవ్విన కాలువ. ఇటూ అటూ తడి రాయి, పైన చెట్లు, ఎండ పడదు, పడవ కట్టుకోవడానికి చోటుండదు. ఆరోజు వాన. గుంతలో దిగి ఫిల్టర్ మార్చాను, గాలి తీశాను, సెల్ఫ్ కొడితే బ్యాటరీ కూడా నీరసపడింది. ఇక చేసేదేం లేక ముందు తాడు భుజాన వేసుకుని గట్టెక్కి పడవని లాగాను. నెవిల్ మోకాలు బురదలో నిలవదు, కాబట్టి అతను చుక్కాని దగ్గర. మైలున్నర. పదహారు టన్నుల ఇనుము మొదట్లో కదలదు, కదిలాక ఆగదు, మధ్యలో నా బూట్లు బురదలో దిగబడి ఒకటి ఊడిపోయింది.

లోయ చివర గొడుగు కింద చేపలు పట్టుకుంటున్న ముసలాయన గాలం పైకెత్తి దారిచ్చాడు. పూర్వం ఈ పడవల్ని గుర్రాలే లాగేవి.

"గుర్రాన్ని అమ్మేశారా తల్లీ?"

"లేదండీ. చుక్కాని పట్టుకుంది," అన్నాను.

వెనక్కి తిరిగి నెవిల్ని చూసి ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

టర్లీ లాకుల పైన కట్టేశాక, బట్టలు మార్చుకుని, ఓట్స్ అట్లలో చీజ్ పెట్టి వేడిచేశాను. నెవిల్ తన పళ్ళెం ముట్టుకోలేదు. నేను రెండు అట్లూ తిని, అప్పుడు చెప్పాను.

"ఆగస్టు ఆఖరి ఆదివారం. ఈలోపు ఈ ఇంజిన్ ఒక్కరోజంతా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఆగకుండా నడవాలి. నడవకపోతే అమ్మేస్తాం. పాలీన్ కొట్టు పైన వాటా ఖాళీగా ఉంది, రమ్మంటోంది."

పాలీన్ నా చెల్లెలు. స్టోన్‌లో ఊలు దారాల కొట్టు నడుపుతుంది. ఆ వాటాకి వీధివైపు ఒక కిటికీ ఉంది. నెవిల్‌కి కూడా ఆ సంగతి తెలుసు. బల్ల మీదుగా చెయ్యి చాపాడు. ఇద్దరం చేతులు కలుపుకున్నాం, పరాయివాళ్ళు బేరం కుదుర్చుకున్నట్టు.

ఆ తర్వాత చెయ్యనిదంటూ లేదు. పంపు మార్చాం. డీజిల్ గొట్టాలు మార్చాం. రాగి వాషర్లు మార్చాం. నా గోళ్ళలో నలుపు సబ్బుకి లొంగడం మానేసింది. తలస్నానం చేసినా దిండుకి డీజిల్ వాసన. నెవిల్ ప్రతిసారీ పైన కూర్చుని పుస్తకం చదివేవాడు, పానాలు అందించేవాడు, టీ పెట్టేవాడు, "పాపం లొరైన్" అనేవాడు. ఆ 'పాపం' వింటే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పానా అతనివైపు విసిరాను కూడా. అది తగల్లేదు, కానీ తగిలేలాగే విసిరాను.

కదిలే సత్తా లేని పడవకైనా రూలు రూలే. మాలాగా సొంత రేవు లేనివాళ్ళు పధ్నాలుగు రోజులకి మించి ఒకచోట ఉండకూడదు. సైకిలు మీద ఒకతను వచ్చి పడవల నంబర్లు రాసుకుపోతుంటాడు. కాబట్టి కాసేపు ఇంజిన్‌తో, కాసేపు తాడుతో, టర్లీ లాకులు దిగి మార్కెట్ డ్రేటన్ చేరాం. అక్కడ కొట్టు అద్దం మీద నేను చీటీ అంటించాను. యాభై అడుగుల పడవ, అమ్మకానికి. రెండోరోజే ట్రాంటర్ అనే ఆయన ఫోను చేసి, ఆఖరి ఆదివారం భార్యతో వచ్చి చూస్తానన్నాడు. ఆ మాట చెప్తే నెవిల్ "సరే" అని, బయటికెళ్ళి, అవసరం లేని తాడు విప్పి మళ్ళీ కట్టాడు.

ఆ ఆదివారానికి ఆరు రోజుల ముందు, సోమవారం పొద్దున, నెరిస్ పడవ వచ్చింది.

నెరిస్ ఆ కాలువ మీద డీజిల్, బొగ్గు, గ్యాసు బండలు అమ్ముకుంటూ తిరిగే మనిషి. వేల్స్ ఆడమనిషి, యాభై ఏళ్ళుంటాయి, చేతులు నావాటికి రెండింతలుంటాయి. మా పడవ పక్కనే తన పడవ ఆనించి, గొట్టం దింపుతూ, అందరినీ అడిగేదే అడిగింది. డీజిల్ మీద పన్ను వాడకాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కొన్నవాళ్ళు ఆ వాటా చెప్పాలి.

"నడపడానికెంత, చలి కాచుకోడానికెంత రాసుకోను?"

"నడిస్తే కదా నెరిస్. అంతా చలికే రాసెయ్," అన్నాను.

"ఏమైంది తల్లీ?"

చెప్పాను. ఆగస్టు నెల్లో పొద్దున్నే ఒక పరాయి మనిషి "ఏమైంది" అని అడిగితే ఇంత చెప్తానని నాకే తెలీదు. జిగురు, దగ్గు, లాకులు, పంపు, వాషర్లు, చెమ్మ, అన్నీ చెప్పాను. చెమ్మ దగ్గరకొచ్చేసరికి నెరిస్ గొట్టం కింద పెట్టేసింది.

తన పడవలోంచి ఒక చేతిపంపు, దానికి తగిలించిన సన్నటి పొడుగు గొట్టం, ఖాళీ జామ్ సీసా తెచ్చింది. గొట్టాన్ని మా డీజిల్ ట్యాంకులోకి అడుగంటా దింపి, నాలుగు పోట్లు పొడిచి, సీసా నింపి డెక్కు మీద పెట్టింది.

"కాసేపు కదపకండి," అంది.

ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. పడవలకి అమ్మే డీజిల్ ఎర్రగా ఉంటుంది, అందులో రంగు కలుపుతారు. సీసాలో ఆ ఎరుపు పైకి తేలింది. దాని కింద నల్లటి గీత. గీత కింద, సీసాలో మూడొంతులు, తేటగా, కుళాయిలోంచి పట్టినంత తేటగా నీళ్ళు.

"ఇది చెమ్మ కాదు. చెమ్మైతే గరిటెడుంటుంది," అంది నెరిస్. "ఇవి గొట్టం పెట్టి పోసిన నీళ్ళు. నీళ్ళమీద ఆ నల్ల పాచి పెరుగుతుంది. పడవ ఊగినప్పుడల్లా అది పైకి లేచి ఇంజిన్‌లోకి పోతుంది. మీరు ఇంజిన్ మొత్తం కొత్తది వేయించినా ఇంతే. ఏడాదికి ముగ్గుర్నన్నా చూస్తాను ఇలా. అందరూ కొత్తగా కొన్నవాళ్ళే. మొదటి వారంలోనే పోస్తారు."

మంచినీళ్ళు పట్టడం నెవిల్ పని. మొదటి రోజునుంచీ, అడిగి మరీ పెట్టుకున్నాడు. నేను నీలం మూతవైపు చూశాను. తర్వాత నెవిల్ వైపు చూశాను. అతను సీసావైపు చూస్తున్నాడు. చెవులు డీజిల్ కన్నా ఎర్రగా ఉన్నాయి.

నెరిస్ గబగబా గొట్టం చుట్టేసుకుంది.

"ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యాలి. అడుగు తుడవాలి. పాచి చావడానికి మందేసి, ఫిల్టర్లు రెండుసార్లు మార్చాలి. గురువారం ఇటు మళ్ళీ వస్తా, అప్పుడు పోస్తాను డీజిల్," అని, ఇంకేమీ అడక్కుండా తాడు విప్పుకుని వెళ్ళిపోయింది. తెలివైన మనిషి.

"ఎప్పుడు?" అన్నాను.

"జూన్ ఏడు."

"ఎంతసేపు?"

"రెండు నిముషాలుంటుంది. బాగా పడుతున్నాయే అనుకున్నా. నువ్వు లాకు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నావ్. వాసనొచ్చాక చూసుకున్నా."

"చూసుకుని?"

"మూత పెట్టేశా. కొంచెమేగా, అడుగునే పడుంటాయిలే అనుకున్నా."

"వుడ్‌సీవ్స్‌లో నేను తాడు లాగుతున్నప్పుడు ఏమనుకున్నావు?"

నేను వదల్లేదు.

"ఇరవై నాలుగుసార్లు దిగాను. నువ్వు పైన కూర్చుని పుస్తకం చదివావు. చెమ్మన్నావు. పాపమన్నావు."

"చెప్తే అమ్మేద్దామంటావని భయపడ్డా లొరైన్."

"చెప్పలేదు కాబట్టే అమ్మేస్తున్నాం."

నాకు ఏడుపొచ్చింది. నీళ్ళు పోసినందుకు కాదు. ఆ మూతలు చూస్తే ఎవరైనా పోస్తారు, నేనైనా పోసేదాన్ని. పదకొండు వారాలు నా మోచేతులకి మందు రాసిన మనిషి, రాస్తున్నప్పుడు కూడా చెప్పలేదు. అది మింగుడుపడలేదు.

ఆ మూడు రోజులూ పనికి అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. నేను చేతిపంపుతో ట్యాంకు తోడాను. నెవిల్ ఇరవై లీటర్ల డబ్బాలు రెండేసి పట్టుకుని, గట్టు వెంట అరమైలు నడిచి, పడవల యార్డులో పాత నూనె పోసే తొట్టిలో ఒంపి వచ్చాడు. ఆ మోకాలితో నాలుగు దఫాలు. సాయం చెయ్యాలనిపించలేదు, చెయ్యలేదు. నాలుగోసారి వచ్చినప్పుడు మనిషి పాలిపోయి ఉన్నాడు. టీ పెట్టి బల్లమీద ఉంచాను గాని చేతికివ్వలేదు. ట్యాంకు పక్కనున్న తనిఖీ మూత విప్పి, చెయ్యి భుజం దాకా దూర్చి, అడుగున ఉన్న జిగురంతా గుడ్డలతో తుడిచాను. గురువారం నెరిస్ వచ్చి కొత్త డీజిల్ పోసింది. నేను పుస్తకం అడగలేదు. గాలి తీసే మర ఎక్కడుందో నా వేళ్ళకి తెలుసు.

శనివారం పొద్దున ఇంజిన్ లోపల వేడెక్కేలా తాళంచెవిని హీటర్ గుర్తు దగ్గర పట్టి, ఇరవై లెక్కపెట్టి తిప్పాను. మొదటి చుట్టుకే అందుకుంది. మార్కెట్ డ్రేటన్ నుంచి ఆడర్లీ లాకుల దాకా, ఐదు లాకులూ దిగి, కింద పడవ తిప్పుకుని, మళ్ళీ ఐదూ ఎక్కి వెనక్కొచ్చాం. ప్రతి లాకులో నీళ్ళు తిరగబడ్డాయి, పడవ ఊగింది, ఇంజిన్ దగ్గలేదు. తొమ్మిది గంటలు. సంతోషమేసింది. సంతోషమేసినందుకు మళ్ళీ కోపమొచ్చింది. అప్పుడే చెప్పి ఉంటే ఇదే ఇంజిన్ జూన్‌లోనూ ఇలాగే నడిచేది.

ఒప్పందం ప్రకారం పడవ మిగిలింది. నెవిల్ ఆ మాట అనలేదు. కట్టేశాక, తాడు చేతిలో పట్టుకుని అడిగాడు.

"వాళ్ళని రావద్దని ఫోన్ చెయ్యనా?"

"రానీ," అన్నాను.

నిజంగానే అన్నాను. ఇంజిన్ సంగతి వేరు, మనిషి సంగతి వేరు. చలికాలం నాలుగు నెలలు ఏడడుగుల వెడల్పులో, ఈ మనిషి ఇంకేం దాస్తున్నాడో అనుకుంటూ బతకడం నావల్ల కాదు. దానికన్నా పాలీన్ కొట్టు పైన వాటాయే నయం, కనీసం అక్కడ వేరే గదులున్నాయి.

ఆదివారం పదకొండింటికి ట్రాంటర్ దంపతులు వచ్చారు. ఆయన తెల్ల బూట్లు వేసుకున్నాడు. ఆవిడ మాట్లాడని మనిషి, ఎక్కడ అడుగేస్తే ఏం పాడవుతుందో అన్నట్టు చూసుకుంటూ నడిచింది. పొయ్యి చూశారు, పడక చూశారు, బాగుందన్నారు. వెనక డెక్కు మీదికొచ్చాక ఆయన నన్ను దాటి నెవిల్‌తో మాట్లాడాడు.

"ఇంజిన్ ఎలా ఉందండీ? దాచకుండా చెప్పండి, మగవాళ్ళం మనం మనం."

నెవిల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"జూన్‌లో నేను డీజిల్ ట్యాంకులో నీళ్ళు పోశానండీ. మంచినీళ్ళదనుకుని. మా ఆవిడకి చెప్పలేదు. వేసవంతా ఆవిడ ఈ గుంతలోకి దిగి బాగుచేస్తూనే ఉంది, నేను చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు బాగుంది. ఆవిడే బాగుచేసింది."

తనంతట తాను ఎవరికీ చెప్పని మాట ఒక తెల్ల బూట్ల మనిషితో చెప్పేశాడు. పశ్చాత్తాపమా, బేరం చెడగొట్టే ఎత్తా అని నా మనసు ఒక్క క్షణం అటూ ఇటూ పోయింది. ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు. ట్రాంటర్ పకపకా నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. నా చేతులవైపు చూసింది.

"అంతేనా, నీళ్ళదేముంది. ఏదీ, చూద్దాం," అంటూ ఆయన తాళం తిప్పాడు. నేరుగా సెల్ఫ్ మీదికి.

"ముందు హీటర్ మీద పట్టండి. ఇరవై లెక్కపెట్టాలి," అన్నాను.

"నాకు తెలుసమ్మా. మా నాన్నకి రెండు ట్రాక్టర్లుండేవి."

సెల్ఫ్ తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. యాక్సిలరేటర్ కడదాకా తోసి పట్టుకున్నాడు. పొగగొట్టంలోంచి తెల్లపొగ ముక్కలు ముక్కలుగా వచ్చింది. కింద అది మూలుగుతోంది. ఏ మర ఎంత బిగించానో, ఏ వాషర్ ఎంత కొత్తదో, ఏ గొట్టం ఎక్కడ రాసుకుంటుందో నాకు తెలుసు. అతనికి తెలీదు, తెలుసుకోడు.

"పాత ఇంజిన్లతో కాస్త గట్టిగా ఉండాలి," అంటూ నాలుగోసారి కొట్టబోయాడు.

నేను ముందుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తాళం మీదనుంచి తీసేశాను.

"దిగండి," అన్నాను.

"అంటే?"

"అమ్మడం లేదు."

ఆయన నెవిల్ వైపు చూశాడు. నెవిల్ నావైపు చూశాడు. ముందు కదిలింది ట్రాంటర్ భార్యే. "పదండి," అని గట్టు మీదికి అడుగేసి, మళ్ళీ నావైపు తిరిగి మెల్లగా అడిగింది.

"ఇరవయ్యేనా? చలికాలం కూడానా?"

"చలికాలం ముప్ఫై," అన్నాను.

తలూపి వెళ్ళిపోయింది.

వాళ్ళని సాగనంపడానికి దిగిన నెవిల్ గట్టుమీదే నిలబడ్డాడు. ఎక్కమంటే తప్ప ఎక్కనన్నట్టు.

"థాంక్స్," అన్నాడు.

"నీకోసం కాదు."

"తెలుసు."

"ఇంజిన్ నాది. పుస్తకం కూడా నాదే. నువ్వు దాన్ని ముట్టుకోవద్దు."

"సరే. మరి నీళ్ళు?"

"నువ్వే పట్టు. నేను పక్కన నుంచుంటా."

"కోపం ఎప్పటికి పోతుంది లొరైన్?"

"చెప్పడానికి నువ్వు పదకొండు వారాలు తీసుకున్నావు. నాకూ అంతే పడుతుంది," అన్నాను. అప్పుడెక్కాడు.

మధ్యాహ్నం, ఆ పెద్దమనిషి ఏం పాడుచేశాడో చూద్దామని పలకలెత్తి మళ్ళీ దిగాను. అది ఇరవై ఏడోసారి. హీటర్ వేసి, ఇరవై లెక్కపెట్టి, స్టార్ట్ చేసి, పక్కన కూర్చుని విన్నాను. ఏమీ పాడవలేదు. గట్టు మీద నెవిల్, రేపటి లాకుల కోసం సామాను సర్దుతున్నాడు.

"లొరైన్," అన్న కేక వినిపించింది. ఇంజిన్ ఆపాను. గుంత అంచున వంగి నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒకటి చెప్పాలి."

పానా కింద పెట్టాను.

"చెప్పు."

"లాకు తిప్పే ఇనుప హ్యాండిల్ నీళ్ళలో పడేశాను. మనకున్నది అదొక్కటే."

"ఎప్పుడు?" అన్నాను. నా గొంతు నాకే కరుగ్గా వినిపించింది.

నెవిల్ పక్కకి జరిగి కాలువవైపు చెయ్యి చూపించాడు. పడవకీ గట్టుకీ మధ్య, బురద కలిసిన నీళ్ళలోంచి బుడగలు ఇంకా పైకొస్తూనే ఉన్నాయి.

"ఇప్పుడే," అన్నాడు.

నేను పైకెక్కి, తాడుకి కట్టిన అయస్కాంతం తేవడానికి లోపలికెళ్ళాను.